నూరోసారి తెరిచినప్పుడు: అనిమే డిస్కుల కలెక్టర్స్ ఎడిషన్ పెట్టెల పనితనం గురించి

సభకు నమస్కారం. తమ పెట్టెలను తువ్వాళ్లలో చుట్టుకుని, బస్సుల్లో ఒళ్లో పెట్టుకుని ఇక్కడిదాకా తెచ్చిన మిత్రులకు ప్రత్యేకంగా నమస్కారం. ఈ విషయం మీద మాట్లాడమని అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోవడానికి కారణం నేను అనిమే, అంటే జపాను యానిమేషన్, చూసేవాణ్ణి కావడం ఒక్కటే కాదు. మా ఇంట్లో రెండు తరాలుగా బైండింగ్ పని సాగుతోంది కాబట్టి అట్ట, కాగితం, జిగురు అనే మూడింటి స్వభావం నాకు చిన్నప్పటి నుంచి చేతితో తెలుసు. ఈ సాయంత్రం కథల గురించి గానీ, బొమ్మ స్పష్టత గురించి గానీ, అనువాదాల గురించి గానీ నేను మాట్లాడను. డిస్కును దాచే పెట్టె గురించి మాత్రమే మాట్లాడతాను.

పదిహేనేళ్ల క్రితం, అమెరికాలో ఉంటున్న మా చిన్నాన్నగారి అబ్బాయి సెలవులకు వస్తూ నాకోసం ఒక కలెక్టర్స్ ఎడిషన్, అంటే సేకరించేవారి కోసం ప్రత్యేకంగా చేసిన డిస్కుల కూర్పు, తెచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆవకాయ సర్దుకునే సూట్‌కేసులో, రెండు స్వెట్టర్ల నడుమ, దాన్ని భద్రంగా పెట్టుకుని వచ్చాడు. మందమైన అట్ట, నల్లటి మ్యాట్ లామినేషన్, దాని మీద బంగారు రంగు ఫాయిల్ అక్షరాలు. అంత అందమైన పెట్టెను నేను అంతకుముందు చేత్తో పట్టుకోలేదు. మా నాన్నగారు దాన్ని అందుకుని బొమ్మ వైపు చూడనేలేదు. ముందుగా బొటనవేలితో నాలుగు మూలలూ తడిమారు, తరువాత పెట్టె నోరు కిందికి తిప్పి, అరచేతిని ఒక బెత్తెడు కింద పట్టారు. లోపలి డిజిప్యాక్, అంటే ప్లాస్టిక్ ట్రేలు అతికించిన మడత అట్ట, ఒక్కసారిగా జారి ఆయన చేతిలో పడింది. "ఒరేయ్, కొత్తలో ఏ పెట్టయినా ముచ్చటగానే ఉంటుంది. నూరోసారి తెరిచిన నాడు ఎట్లా ఉంటుందో అది చూడాలి" అన్నారు. మూడు వానాకాలాలు గడిచేసరికి ఆ డిజిప్యాక్ అంచులు తెల్లబడ్డాయి, లోపలి ప్లాస్టిక్ ట్రే ఒక పక్క ఊడి వచ్చింది, పెట్టె గోడ మధ్యలో లోపలికి ఒంగింది. దాని ప్రచురణకర్త ఎవరన్నది ఇప్పుడు అనవసరం, ఎందుకంటే అదే లోపం ఎన్నో సంస్థల పెట్టెల్లో నేను తరువాత చూశాను. అప్పటి నుంచి నేను ఏ పెట్టెనైనా ఆయన చూపించిన తీరులోనే చూస్తున్నాను.

పెట్టె గురించి చెప్పే ముందు అది కాపాడవలసిన వస్తువు గురించి కొంత చెప్పాలి. డీవీడీ అయినా బ్లూ-రే అయినా డిస్కు వ్యాసం 120 మిల్లీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 15 మిల్లీమీటర్లు. పైకి రెండూ ఒకటే అనిపించినా, డీవీడీని 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి చేస్తారు కాబట్టి సమాచారపు పొర దాని నడిమధ్యలో ఉంటుంది. బ్లూ-రేలో ఆ పొర, లేజరు చదివే వైపు ఉపరితలానికి కేవలం 0.1 మిల్లీమీటరు లోతులో ఉంటుంది. అందుకే బ్లూ-రే మీద గట్టి పూత పూస్తారు, ఆ పూత వల్లే అది మామూలు గీతలకు బాగా తట్టుకుంటుంది. డీవీడీ విషయంలో భయం మరో రకమైనది. బిగుసుకుపోయిన ట్రే నుంచి అంచు పట్టుకుని లాగినప్పుడు డిస్కు విల్లులా ఒంగుతుంది, ఆ ఒంపు భారమంతా రెండు పలకలను పట్టి ఉంచే జిగురు పొర మీద పడుతుంది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన మార్గదర్శకాలు డిస్కును ఒంచవద్దని, పుస్తకంలా నిలువుగా పెట్టమని, వాడిన వెంటనే దాని పెట్టెలోకి చేర్చమని చెబుతాయి. అంటే పెట్టె అన్నది డిస్కుకు అలంకారం కాదు, డిస్కు ఆయుష్షులో భాగం.

ఈ లెక్కన పెట్టె మొత్తంలో అతి ముఖ్యమైన చోటు ఎవరూ ఫొటో తీయనిది: ట్రే మధ్యలో డిస్కును పట్టుకునే చిన్న బొడిపె. దాన్ని దగ్గరగా చూడండి. గుండ్రంగా అమర్చిన ప్లాస్టిక్ పళ్లు ఉంటాయి, మధ్యలో వేలితో నొక్కితే ఆ పళ్లు లోపలికి ముడుచుకుని డిస్కును వదలాలి. మంచి ట్రేలో నొక్కగానే చిన్న చప్పుడుతో డిస్కు దానంతటదే కొద్దిగా పైకి లేస్తుంది, అప్పుడు దాన్ని అంచులు పట్టి తీయవచ్చు. నాసి ట్రేలో పళ్లు పెళుసుగా ఉంటాయి. కొరియరు కుదుపుల్లోనే రెండు మూడు విరిగి, ఆ ముక్కలు డిస్కుకూ ట్రేకూ మధ్య దొర్లుతూ, మూత తెరవకముందే డిస్కు మీద సన్నని గీతలు గీస్తాయి. ఇంత ఖరీదు పెట్టి కొన్న పెట్టెను మొదటిసారి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసే అలవాటు సేకరించేవాళ్లలో అందుకే వచ్చింది. లోపల గలగలమని చప్పుడైతే గుండె జారుతుంది.

ట్రే లేకుండా అట్ట జేబుల్లోకి డిస్కులను దూర్చే పద్ధతి ఒకటి ఉంది. దీన్ని నేను ఏ ధరలోనూ సమర్థించలేను. పెట్టె సన్నగా వస్తుంది, పేజీల్లా తిప్పుతూ పోతే బొమ్మలు అందంగా కనిపిస్తాయి, ఖర్చూ తగ్గుతుంది. కానీ తీసిన ప్రతిసారీ డిస్కు చదివే ముఖం అట్ట మీద రాసుకుంటూ బయటికి రావాలి, పెట్టిన ప్రతిసారీ అలాగే లోపలికి పోవాలి. జేబు అడుగున జిగురు బొట్టు ఒకటి పొంగి ఉంటే అది డిస్కుకు అంటుకుంటుంది. కాగితానికీ డిస్కుకూ మధ్య ఉండే సంబంధం ఎంత చెడ్డది కాగలదో సంగీతపు సీడీల చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో పీడీఓ అనే కర్మాగారం 1988 నుంచి 1993 వరకు చేసిన కొన్ని సీడీలు అంచుల నుంచి కంచు రంగులోకి మారి పాడైపోయాయి. డిస్కు మీద పూసిన లక్క పూత, లోపల పెట్టిన చిన్న పుస్తకాల కాగితంలోని గంధకానికి తట్టుకోలేకపోవడమే దానికి కారణంగా చెబుతారు. పూతలో లోపం ఉండటం నిజమే గాని, దాన్ని బయటపెట్టింది పక్కనే ఉన్న కాగితం. డిస్కు పక్కన ఏ కాగితం పెడుతున్నాం, ఏ జిగురు వాడుతున్నాం అన్న ప్రశ్న సాంకేతిక ప్రశ్నే అని దాన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ పెట్టెల సంప్రదాయం జపానులో ఎలా పెరిగిందో కొంత చూద్దాం. 1981లో అక్కడ లేజర్ డిస్కు మార్కెట్లోకి వచ్చింది. అది 30 సెంటీమీటర్ల పళ్లెం, కాబట్టి దాని కవరు మన పాత గ్రామఫోను రికార్డు కవరంత ఉండేది. అంత పెద్ద జాగా దొరికేసరికి చిత్రకారులు దానికోసమే కొత్త బొమ్మలు గీశారు, వెన్ను మీద నిలువుగా ఓబి అనే కాగితపు పట్టీ చుట్టారు. కిమోనో నడుముకు కట్టే పట్టీకి ఉన్న పేరే దానికీ వచ్చింది. టీవీలో రాకుండా నేరుగా వీడియోగా విడుదలయ్యే అనిమే కూడా 1983లో డల్లోస్ అనే ధారావాహికతో మొదలైంది. ఇంట్లో దాచుకునే వస్తువుగా అనిమేను అమ్మే అలవాటు అప్పటి నుంచి స్థిరపడుతూ వచ్చింది.

డీవీడీ, బ్లూ-రే కాలానికి వచ్చేసరికి జపాను పద్ధతి ఇలా కుదిరింది. ఒక సంపుటంలో సాధారణంగా రెండు ఎపిసోడ్లు, ధర ఆరేడు వేల యెన్‌లు, పన్నెండు పదమూడు ఎపిసోడ్ల ధారావాహికకు ఆరు సంపుటాలు. టీవీలో ఒకసారి చూసేసిన రెండు ఎపిసోడ్లకు అంత ధర పెట్టి కొనేవాడికి డిస్కుతో పాటు ఇంకేదో ఇవ్వాలి గదా. అందుకే మొదటి ముద్రణకు మాత్రమే పరిమితమైన కూర్పులు, కొత్తగా గీసిన ముఖచిత్రాలు, చిన్న పుస్తకాలు, పాటల సీడీలు వచ్చాయి. జపానులో పుస్తకాలనూ సంగీతపు సీడీలనూ ప్రచురణకర్త నిర్ణయించిన ధరకే అమ్మాలన్న ఏర్పాటు ఉంది, వీడియో డిస్కులకు అది వర్తించదు. కాబట్టి దుకాణాలు ధర తగ్గించో, తమ దగ్గర కొన్నవారికి మాత్రమే ఇచ్చే కానుకలు జోడించో పోటీ పడతాయి. ఆరు సంపుటాలూ పట్టే ఖాళీ పెట్టెను కానుకగా ఇవ్వడం వాటిలో ఒకటి. 2011 ఏప్రిల్‌లో మడోకా మాజికా అనే ధారావాహిక మొదటి బ్లూ-రే సంపుటం తొలి వారంలోనే 50 వేలకు పైగా అమ్ముడైంది. పెట్టె ఒక్కటే దానికి కారణమని నేననను, కానీ కొన్నవారెవరూ దాన్ని కేవలం రెండు ఎపిసోడ్లుగా చూడలేదన్నది స్పష్టం.

జపాను కూర్పుల్లో నన్ను ఆకట్టుకున్నది వాళ్లు సాన్‌పోసే అని పిలిచే పెట్టె. వెన్ను, పైఅంచు, కింది అంచు మూడూ మూసి ఉంటాయి, ఒక్క పక్క మాత్రమే తెరిచి ఉంటుంది. డిజిప్యాక్ ఆ పక్క నుంచి లోపలికి జారుతుంది. చూడటానికి ఇది మామూలు అట్ట తొడుగు. దాని పనితనమంతా కొలతలో ఉంది. మరీ బిగువుగా ఉంటే తీసేటప్పుడు డిజిప్యాక్ అంచులు రాసుకుని రంగు పోతుంది, లామినేషన్ లేస్తుంది. మరీ వదులుగా ఉంటే మా నాన్నగారి చేతిలో పడినట్లు ధబ్బున పడుతుంది. సరిగ్గా కుదిరిన పెట్టెను నోరు కిందికి తిప్పినప్పుడు లోపలిది వెంటనే కదలదు. ఒక క్షణం ఆగి, గాలి సన్నగా లోపలికి పోతున్న కొద్దీ, నెమ్మదిగా కిందికి దిగుతుంది. కాగితం మందం, జిగురు మందం, లామినేషన్ మందం అన్నీ లెక్కలోకి తీసుకుని, నమూనా ఒకటి కట్టి, డిస్కులూ పుస్తకమూ పెట్టిన బరువుతో చూసుకుంటే తప్ప ఆ కుదురు రాదు. ఖాళీ నమూనాతో సరిచూసి అచ్చుకు పంపే ప్రచురణకర్తకు అది దొరకదు.

అమెరికాలో కథ వేరే దారిన నడిచింది. డీవీడీ తొలి రోజుల్లో అక్కడ కూడా విడి సంపుటాలే వచ్చేవి. మొదటి సంపుటంతో పాటు ఒక అట్టపెట్టె ఇచ్చి, తక్కిన సంపుటాల జాగాలో ఖాళీ అట్ట దిమ్మె ఒకటి ఉంచేవారు. కొన్నవాడు నెలల తరబడి ఒక్కొక్క సంపుటం తెచ్చుకుని పెట్టె నింపుకోవాలి. ఆ ఎదురుచూపులో ఎంత ఆనందం ఉండేదో ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కానీ జెనియాన్ అనే అనిమే సంస్థ అమెరికా శాఖ 2007 సెప్టెంబరులో పంపిణీ నిలిపివేసినప్పుడు, ఏడీవీ ఫిల్మ్స్ అనే మరో సంస్థ 2009లో మూతపడినప్పుడు, సగం నిండిన పెట్టెలు ఎన్నో ఇళ్లలో అలాగే మిగిలిపోయాయి. కొన్ని ధారావాహికలను తరువాత వేరే సంస్థలు పూర్తి చేసినా కేసుల మందం మారింది, వెన్ను మీద అచ్చు తీరు మారింది. పెట్టెలో చోటుంది, పట్టే సంపుటం లేదు. ఆ తరువాత అక్కడి సంస్థలు మొత్తం ధారావాహికను ఒకేసారి, చిప్‌బోర్డు అనే గట్టి అట్ట పెట్టెలో మామూలు ప్లాస్టిక్ కేసులు పెట్టి అమ్మే పద్ధతికి మారాయి. బ్రిటన్‌లో 2012లో గ్లాస్గోలో మొదలైన అనిమే లిమిటెడ్ వంటి సంస్థలు గట్టి పెట్టె, ఆర్ట్ బుక్ కలిపి ఇచ్చే మధ్యస్థపు దారి పట్టాయి.

అమెరికా పద్ధతిని చాలామంది తక్కువగా చూస్తారు. నా అభిప్రాయం అది కాదు. లోపల మామూలు ప్లాస్టిక్ కేసు ఉండటం డిస్కుకు మేలే. కేసు పగిలితే కొత్తది కొనుక్కుని ముఖచిత్రపు కాగితం అందులోకి మార్చుకోవచ్చు. డిజిప్యాక్‌లో ట్రే విరిగితే అట్టకు అతికిన ట్రేను ఊడబెరకాలి, ఊడబెరికితే కింది బొమ్మ చిరుగుతుంది. బాగుచేయడానికి వీలుండటం కూడా పనితనమే. ప్లాస్టిక్ ఆదా కోసం గోడలకు కన్నాలు పెట్టిన కేసులు వచ్చాక మాత్రం ఆ కన్నం ఉన్న చోటల్లా ముఖచిత్రం లోపలికి నొక్కుకుపోయి గుంటలు పడింది. అటువంటి కేసును కలెక్టర్స్ ఎడిషన్‌లో పెట్టడం తగదు.

ఇక అట్ట దగ్గరికి వస్తాను. ఇది నా సొంత రంగం కాబట్టి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటే మన్నించండి. కాగితానికైనా అట్టకైనా నార ఒక దిక్కున సాగి ఉంటుంది, మా పనిలో దాన్ని గ్రెయిన్ అంటాం. తేమ తగిలినప్పుడు కాగితం ఆ నార పొడవున పెద్దగా పెరగదు, అడ్డంగా మాత్రం బాగా పెరుగుతుంది. పెట్టె అట్ట గ్రెయిన్ ఒక దిక్కున, దాని మీద చుట్టిన బొమ్మ కాగితం గ్రెయిన్ మరో దిక్కున ఉంటే, తేమ మారిన ప్రతిసారీ ఆ రెండూ ఒకదాన్నొకటి లాగుకుంటాయి. ఇంకొక సంగతి. జిగురు తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు బిగుసుకుంటుంది, బిగుసుకుంటూ అట్టను తన వైపు ఒంచుతుంది. అందుకే అట్టకు ఒక పక్క కాగితం అతికించిన బైండరు రెండో పక్క కూడా దానికి తూగే కాగితం అతికిస్తాడు. మా నాన్నగారు మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదా జిగురుతో స్కూలు రిజిస్టర్లకు సైతం ఈ నియమం తప్పేవారు కాదు. వందల డాలర్ల పెట్టెల్లో లోపలి వైపు ఏ కాగితమూ లేకుండా బూడిద రంగు అట్ట అలాగే వదిలేసినవి నేను చూశాను. కొన్న నెలలో అవి తిన్నగానే ఉంటాయి.

విశాఖపట్నంలో, కాకినాడలో, మచిలీపట్నంలో ఉండే మిత్రులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో వానాకాలం నడిచే నాలుగు నెలల్లో పెట్టె గోడ ఎటు ఒంగుతుందో వాళ్లకు కళ్లారా తెలుసు. నిస్ట్ మార్గదర్శకాలు డిస్కులను 20 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతలో, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచమంటాయి. మన ఇళ్లలో అది కుదిరే పని కాదు. కానీ చేయగలిగినవి ఉన్నాయి: బయటి గోడకు ఆనించిన అలమరలో పెట్టకండి, పెట్టెలను ఒకదాన్నొకటి నొక్కేంత ఇరికించకండి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి నెలకొకసారి మార్చండి. కొత్తదనం పోకూడదని ష్రింక్ ఫిల్మును, అంటే పెట్టెకు చుట్టి బిగించిన పలుచని ప్లాస్టిక్‌ను, ఏళ్ల తరబడి అలాగే ఉంచేవారికి ఒక మాట: ఆ ఫిల్ము కాలం గడిచేకొద్దీ బిగుసుకోవచ్చు, పలుచని అట్టను అది విల్లులా ఒంచగలదు. పైన తొడుగు కావాలంటే మెత్తటి పీవీసీ కన్నా పాలీప్రొపిలీన్ తొడుగు మేలు. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే నూనె వంటి పదార్థం మెల్లగా బయటికి వచ్చి, ఆనుకుని ఉన్న అచ్చు మీద జిడ్డుగా పేరుకుంటుంది.

పైమెరుగుల గురించి తక్కువ చెబితే చాలు. ఫాయిల్, ఎంబాసింగ్ అనే ఉబ్బెత్తు అచ్చు, స్పాట్ యూవీ అనే కొన్నిచోట్ల మాత్రమే వేసే మెరుపు పూత ఇవన్నీ మన పెళ్లి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సుల్లో రోజూ జరిగే పనులే. హైదరాబాదులో, విజయవాడలో ఒక మోస్తరు శుభలేఖల దుకాణానికి వెళితే గట్టి అట్టపెట్టెలో, మఖమల్ అస్తరుతో, బంగారు ఫాయిల్‌తో వచ్చే ఆహ్వానాలు వరుసగా కనిపిస్తాయి. శుభలేఖ మూడు నాలుగుసార్లు తెరిస్తే దాని పని అయిపోతుంది. డిస్కు పెట్టె పని అప్పుడు మొదలవుతుంది. ఫాయిల్‌ను మడత మీదుగా లాగకూడదు, పగులుతుంది. ముదురు రంగు మ్యాట్ లామినేషన్ మీద గోరు తగిలినా గీత పడుతుంది, వేలి జిడ్డు మరకగా నిలుస్తుంది. గీతలకు తట్టుకునే రకం లామినేషన్ దొరుకుతుంది, కొంచెం ఖరీదు ఎక్కువ. మడత దగ్గర ముందుగా గాడి వేయకుండా మడిస్తే సిరా పగిలి తెల్లటి గీత బయటపడుతుంది. ఇవేవీ కొత్త విద్యలు కావు, ప్రచురణకర్త అడిగితే ప్రెస్సువాడు చేసి పెడతాడు.

ఒక చిన్న విషయం మీద మాత్రం నాకు గట్టి ఫిర్యాదే ఉంది. అమెరికా పెట్టెల వెనుక ధర, భాషలు, నిడివి వంటి వివరాలున్న కాగితాన్ని రెండు మూడు జిగురు బొట్లతో అతికిస్తారు. ష్రింక్ తీశాక ఆ కాగితాన్ని లాగితే కొన్నిసార్లు పెట్టె మీది లామినేషన్ కూడా దానితో పాటు లేచి వస్తుంది. అదే జపాను పెట్టెల్లో ఆ వివరాలను చాలావరకు ఓబి మీదనో, విడి కాగితం మీదనో అచ్చువేసి, జిగురు లేకుండా ష్రింక్‌తోనే నిలుపుతారు. ఇంతటి ముఖచిత్రాన్ని గీసినవాడి శ్రమ ఒక జిగురు బొట్టు పాలు కావడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ కాగితం మీ చేతికి వస్తే గుంజకండి. పెట్టెకు సమాంతరంగా, వెంట్రుకవాసి చొప్పున, జిగురును వేలికొసతో దొర్లిస్తూ విడదీయండి.

లోపల పెట్టే కానుకలు పెట్టె నిర్మాణాన్ని పాడుచేయకూడదు. అక్రిలిక్ బొమ్మ, బ్యాడ్జీలు, కార్డులు, పోస్టరు పెడితే సంతోషమే, కానీ వాటికి వేరే అర ఉండాలి. బ్యాడ్జీ పిన్ను డిజిప్యాక్ అట్టలోకి గుచ్చుకున్న పెట్టె ఒకటి నా దగ్గరే ఉంది. పోస్టరును నాలుగు మడతలు పెట్టి ఇచ్చేకన్నా ఇవ్వకపోవడం మంచిది. అదే డబ్బుతో చిత్రకారుల ముసాయిదా బొమ్మలను మంచి కాగితం మీద అచ్చువేసి, దారంతో కుట్టిన పుస్తకంగా ఇస్తే అది ఇరవై ఏళ్లు నిలుస్తుంది. వేడి జిగురుతో వెన్ను అతికించిన పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, బలవంతాన తెరిస్తే పేజీలు ఊడతాయి.

కాగితపు ముక్కగా ఇచ్చిన డిజిటల్ కోడు సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని అనిమే సంస్థ ఫ్యూనిమేషన్ తన డిస్కు పెట్టెల్లో చాలాకాలం కోడు చీటీలు పెట్టింది. వాటితో డిజిటల్ ప్రతిని ఆ సంస్థ స్ట్రీమింగ్ సేవలోని ఖాతాలో చేర్చుకునే వీలుండేది. ఆ సేవ 2024 ఏప్రిల్ 2న మూతపడింది, అలా చేర్చుకున్న ప్రతులు కొత్త సేవకు మారలేదు. ఆ చీటీ ఉన్న పెట్టెలోని డిస్కు మాత్రం ఈ రోజూ ఆడుతుంది. స్ట్రీమింగులో అన్నీ దొరుకుతున్న కాలంలో పెట్టె కొనేవాడు దేనికి కొంటున్నాడో ప్రచురణకర్తలు ఆ తేదీని తలుచుకుంటే అర్థమవుతుంది. అతను నిలిచి ఉండే వస్తువు కోసం డబ్బిస్తున్నాడు.

స్టీల్‌బుక్ అనే ఉక్కు రేకు కేసుల గురించి కొందరు అడిగారు. తేమకు అది ఒంగదు, అది దాని గొప్ప సుగుణం. గుంట పడితే మాత్రం తిరిగి తిన్నగా రాదు, అచ్చు గీసుకుపోయిన చోట తుప్పు పట్టవచ్చు. అచ్చు గీసుకోకుండా కాపాడుకోగలిగితే, సముద్రతీరంలో ఉండేవారికి నేను దాన్నే సూచిస్తాను.

దుకాణం నుంచి ఇంటికి వచ్చే దారి కూడా ప్యాకేజింగులో భాగమే. అమెరికాలోని అయోవాలో 1987లో మొదలైన రైట్ స్టఫ్ అనే దుకాణానికి సేకరించేవారిలో అంత పేరు రావడానికి, వాళ్లు పెట్టెను పంపే తీరు ముఖ్య కారణం. 2022లో అది అనిమే స్ట్రీమింగ్ సంస్థ క్రంచీరోల్ చేతికి వెళ్లింది, మరుసటి ఏడు ఆ పేరుతో దుకాణం లేకుండా పోయింది. గట్టి అట్టపెట్టె దెబ్బను మూలల్లోనే పుచ్చుకుంటుంది. మూల ఒకసారి నలిగితే లోపలి నార విరిగినట్లే, దాన్ని మళ్లీ గట్టిపరచలేం. కాబట్టి పంపే పెట్టెలో ఆరు పక్కలా కనీసం రెండు వేళ్ల ఖాళీ వదిలి, ఆ ఖాళీలో కాగితం కుక్కాలి. గాలిబుడగల సంచిలో వేసి పంపడం చాలదు. మన దేశానికి తెప్పించుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బ్లూ-రే ప్రాంతాల విభజనలో అమెరికా, జపాను రెండూ ఎ ప్రాంతం, మనం సి ప్రాంతం. ప్రాంతపు తాళం ఉన్న డిస్కు మన ప్లేయరులో ఆడదు. పెట్టె చేతికి వచ్చిన రోజే, తిరిగి పంపే గడువు ఉండగానే, ప్రతి డిస్కునూ ఆడించి చూసుకోండి.

ప్రచురణకర్తలను నేను కోరేవి పెద్ద కోరికలు కావు. ప్రకటనలో ఎన్ని కార్డులు ఇస్తున్నారో రాసినట్లే, అట్ట మందం ఎంతో, లోపల అస్తరు ఉందో లేదో, డిస్కులు ట్రేలో ఉంటాయో జేబులో ఉంటాయో, పుస్తకం కుట్టినదో అతికించినదో కూడా రాయండి. విరిగిన ట్రేలకు బదులు ఇవ్వడానికి కొన్ని ట్రేలు అదనంగా చేయించి ఉంచండి. మన తాళపత్ర గ్రంథాలు కట్టినవారు ఆకుల కన్నా కొంచెం పెద్దవైన కర్ర పలకలు పైనా కిందా పెట్టి దారంతో బిగించారు. దెబ్బ పలక అంచుకు తగిలేది, ఆకుకు తగిలేది కాదు. ఆ పలకలను పక్కన పెట్టకుండా ఎవరూ ఆ గ్రంథాన్ని చదవలేదు, చదివాక మళ్లీ వాటి మధ్యే కట్టారు.

ఈ బల్ల మీద మూడు పెట్టెలు పెట్టాను. ఎడమ పక్కది జపాను సాన్‌పోసే, మధ్యది చిప్‌బోర్డు పెట్టె, కుడి పక్కది మా నాన్నగారు పట్టుకున్న ఆ నల్ల పెట్టె. వరుసగా వచ్చి మూడింటినీ చేతిలోకి తీసుకోండి. నోరు కిందికి తిప్పేటప్పుడు రెండో చేయి కింద ఉంచండి. నల్ల పెట్టెలో మూడో ట్రేను నేను రెండుసార్లు అతికించాను. ట్రే కిందకి వెలుతురు పడేలా పట్టుకుని చూస్తే పాత జిగురు గీత పసుపుగా, నాది తెల్లగా కనిపిస్తుంది. ఆ ట్రే లోంచి డిస్కు తీసేవారు మధ్యలో నొక్కి, అది పైకి లేచేదాకా ఆగండి.